ఆఖరి కడుగు నీళ్ళు

వజిచాల ఊళ్ళో సన్నగా ఉండటం కూడా ఒక వృత్తే. ఆ వృత్తిని ఉషంగి నలభైనాలుగేళ్ళు చేశాడు.

అలజని నది లోయలో ఇల్లన్న ప్రతిదానికీ వెనక వైన్ దాచే కొట్టు ఒకటి ఉంటుంది. కొట్టంటే గోడలూ కప్పూ కాదు, నేల. ఆ నేలలో మెడదాకా పూడ్చిన మట్టిబానలు. పైకి కనిపించేది చాటంత మూతి, కింద నిలువున్నర లోతు కడుపు. తెల్లద్రాక్షని తొక్కి, రసంతో పాటు తొక్కలూ గింజలూ కాడలూ అన్నీ అందులో పోసేస్తారు. అది తనంతట తాను పొంగుతుంది, తనంతట తాను చల్లబడుతుంది, చలికాలమంతా నేల కడుపులో పడుకుని వసంతంలో లేస్తుంది. మధ్యలో మనిషి చేసేదల్లా రోజుకి నాలుగుసార్లు తేలిన తొక్కల్ని కర్రతో కిందికి తోయటం, పొంగు ఆగాక రాతిమూత పెట్టి బంకమట్టితో మెత్తేసి తన నోరు కూడా మూసుకోవటం. ఏమీ కలపరు, ఏమీ తీయరు. అందుచేత బాన శుభ్రంగా ఉంచటం ఒక్కటే మనిషి చేతిలో ఉన్న పని. ఆ ఒక్కటీ చెడితే కప్పిపుచ్చడానికి మందూ మాకూ ఏమీ ఉండవు. ఆవకాయ జాడీకి తడి తగలకూడదని మన ఇళ్ళల్లో పడే ఆరాటాన్ని నిలువున్నర లోతు చేసి చూసుకోండి, అంతే.

ఆ లోతులోకి దిగి కడిగేవాడు ఉషంగి.

ఆయన తండ్రీ ఆ పనే చేసేవాడు. కానీ తండ్రివి గొప్ప భుజాలు. నలభై దాటాక ఒకసారి మూతి దగ్గర ఇరుక్కుపోయాడు. ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని గుంజితే వీపు చర్మం ఇచ్చి బయటపడ్డాడు. "ఇక నా వల్ల కాదు, ఇంట్లో ఒక ఉడుత ఉన్నాడుగా, వాణ్ణి దింపండి" అన్నాడట. ఆ రోజునించీ ఉషంగి ఊరికి ఉడుత. సైన్యంలోనూ సన్నగానే ఉన్నాడు, పెళ్ళిలోనూ సన్నగానే ఉన్నాడు. పెళ్ళికొడుకు కోటు కుట్టిన దర్జీ మిగిలిన గుడ్డతో తన మనవడికి చొక్కా కుట్టుకున్నాడని భార్య నజిబ్రోలా ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

దిగే ముందు తాడుకి కొవ్వొత్తి కట్టి వదలాలి. ఆరిపోతే లోపల గాలి చెడ్డది, ఆ రోజుకి ఇంటికి పోవాలి. వెలుగుతూ ఉంటే చొక్కా విప్పి, చేతులు తలమీదికెత్తి, చేప నీళ్ళలోకి జారినట్టు జారాలి. లోపల సున్నపు నీళ్ళు, తరవాత బూడిద నీళ్ళు, తరవాత వేడి నీళ్ళు, తరవాత చన్నీళ్ళు. చెర్రీ బెరడు పొరలు దొంతరగా పేర్చి కట్టిన కుంచెతో గోడంతా జానాజానా రుద్దాలి. రుద్దుతున్నంతసేపూ ఉషంగి పాడేవాడు. బయట వింటే నీరసంగా ఉండే గొంతు బానలోంచి వింటే చర్చిలో వాయించే గంటలా ఉండేది. ఆడవాళ్ళు పని ఆపుకుని వినేవాళ్ళు. పైకొచ్చాక ఆ చిన్నమనిషిని చూసి, "ఆ గొంతుగలాయన ఇంకా లోపలే ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు.

పోసిన నీళ్ళని పొడుగు కర్రకి కట్టిన సొరకాయ బుర్రతో తోడి పోస్తూ ఉండాలి, మళ్ళీ పోస్తూ ఉండాలి. పదిసార్లో, ఇరవైసార్లో. చివరికి నీళ్ళు ఎలా లోపలికి వెళ్ళాయో అలాగే బయటికొస్తాయి. ఆ ఆఖరి కడుగు నీళ్ళు ఒక బుర్రెడు పట్టుకుని కడిగినవాడు పైకొచ్చి, ఇంటివాళ్ళ ఎదుట నిలబడి తాగాలి. తాగి, "బాగుంది" అనాలి. అంతే. దానికి ముద్రా లేదు, సంతకమూ లేదు. కడిగినవాడు తాగాక ఇంకెవరూ బానలో ముక్కు పెట్టకూడదు. పెడితే, ఇంటికొచ్చిన పెద్దమనిషి బయల్దేరుతుంటే ఆయన జేబులు తడిమినట్టు లెక్క.

చూస్తే తాగటం నోటిపనిలా ఉంటుంది. నిజానికి అది ముక్కుపని. కాల్చిన మట్టి బతికున్న మట్టే, ఊపిరి తీస్తుంది. గోడకి లోపల తేనెమైనం పూత ఉన్నా దాని సందుల్లో ఏం దాక్కుందో కంటికి తెలీదు, చేతికీ తెలీదు. పుల్లబడబోయే బాన మొదట పచ్చి రేగుపండులా ఉంటుంది, చాలామంది దాన్ని మంచివాసనే అనుకుంటారు. బూజు పట్టబోయే బాన, వానలో నిలబెట్టిన గోనెసంచిలా ఉంటుంది, కానీ సంచి వీధి చివర ఉన్నంత సన్నగా. ఆ సన్నదనాన్ని ఉషంగి పట్టేవాడు. ఒకసారి పక్కూళ్ళో కొత్తగా కడిగిన బాన మూతి దగ్గర ఆగిపోయి, "ఇందులో ఎప్పుడో ఎలుక చచ్చింది" అన్నాడు. ఇంటాయన కొట్టినంత పని చేశాడు. అప్పుడు ఆయన తల్లి లోపలినించి, "మీ తాత రోజుల్లో చచ్చిందిరా, నిజమే" అంది.

పాత వైద్యగ్రంథాలు తిరగేస్తే ఇంద్రియాల వరసలో ముక్కుది దాదాపు ఎక్కడైనా ఆఖరి పీటే. కళ్ళు పోయినవాడికి చెయ్యి అందిస్తారు, చెవులు పోయినవాడికి గొంతు పెంచుతారు. వాసన పోయిందంటే మాత్రం నవ్వి, "అదృష్టవంతుడివి, మా మేకలపాక కడుగుదువుగాని రా" అంటారు. రాసినవాళ్ళలో ఒక్కడూ బానలోకి దిగి ఉండడు.

ఊళ్ళో ఉషంగికి ఒకడే స్నేహితుడు, ఆంబ్రోసి. లావుపాటి మనిషి, తలుపులో పక్కకి తిరిగి నడిచేవాడు. ప్రభుత్వం వాళ్ళు ఎక్కువ కాసే తీగలే వెయ్యమని ఊరంతా పాత తీగలు పీకించిన రోజుల్లో, పెరట్లో కంచె వెంబడి ఏడు వరసల కిసి ద్రాక్ష దాచుకున్నాడు. అది తక్కువ కాస్తుంది, పళ్ళు చిన్నవి, ఎండ ఎక్కువైతే అలుగుతుంది. వరసల మధ్య గడ్డి పీకేవాడు కాదు. మందు కొట్టేవాడు కాదు. ఎవరైనా అడిగితే, "గడ్డి కూడా ఎక్కడో బతకాలి కదా" అనేవాడు.

ఆ కిసిని వాళ్ళు తాగే తీరు చూడాలి. నగరాల్నించి వచ్చేవాళ్ళు గాజుగ్లాసు కాడ పట్టుకుని తిప్పుతారు, దాన్ని మంచులో ముంచి చంపుతారు. ఆంబ్రోసి మట్టిముంతలో పోసి, బాన చల్లదనం కొంచెం దిగేదాకా బల్ల మీద వదిలేసేవాడు. తెల్లద్రాక్షే అయినా తొక్కలతో ఆర్నెల్లు కాపురం చేసింది కదా, రంగు తెలుపు కాదు. పాత తేనె రంగు, వెలుగు వెనకనించి తగిలితే డికాషన్ రంగు. మొదటి గుక్కలో బేరికాయ, ఎండిన చామంతి. ఆగితే ఆప్రికాట్ ఒరుగు. ఇంకా ఆగితే అక్రోటు పప్పు మీది పొట్టు, ఆ చేదు నాలుకని పట్టుకుని వదలదు. మింగేశాక, అంతా అయిపోయిందనుకున్నాక, గొంతులో ఎక్కడో తేనెమైనం. దాంతోపాటు ఉప్పు జున్ను, పొయ్యి గోడకంటించి కాల్చిన రొట్టె ఉండాలి. ఏ రెండేళ్ళూ ఒకేలా ఉండేది కాదు. అదే దాని గొప్ప అనేవాడు ఆంబ్రోసి. "బజార్లో సీసా తీసుకో, పోయినేడూ అదే, ఈ ఏడూ అదే. వాన పడిందా లేదా దానికి తెలీదు. మతిలేని మనిషిని పక్కన పెట్టుకు తాగినట్టుంటుంది."

నిరుడు జనవరిలో ఉషంగికి జ్వరం వచ్చింది. పద్నాలుగు రోజులు పడుకుని లేచాడు. లేచిన నాలుగో రోజు మధ్యాహ్నం పొయ్యి పక్కన కూచుని కుంచెకి బెరడు కోసుకుంటున్నాడు. నజిబ్రోలా కోళ్ళకి గింజలు జల్లి తలుపు తీసేసరికి ఇల్లంతా పొగ.

"ఏవయ్యా! చిక్కుళ్ళు బొగ్గయిపోతుంటే పక్కనే కూచుని చోద్యం చూస్తున్నావా?"

"చూళ్ళేదే."

"చూసేదేంటి! నాలుగిళ్ళ అవతల కుక్క దగ్గుతోంది. ముక్కు ఎక్కడ పారేసుకున్నావు?"

ఆమె కుండ దించి, ఆయన మొహం చూసి, కుండ సంగతి మర్చిపోయింది. "కళ్ళు మూసుకో" అంది. ముక్కు దగ్గర ఏదో పెట్టింది.

"ఇదేంటి?"

"వెల్లుల్లి."

"ఇది?"

"కొత్తిమీర."

"ఇది?"

"...జున్నా?"

ఆమె ముందు నవ్వింది. తరవాత, మూడుసార్లూ ముక్కు దగ్గర పెట్టిన ఒకే ఒక్క కిరసనాయిలు గుడ్డని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది.

తెలావి పట్నంలో డాక్టరు, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు. వసంతం వచ్చింది, వేసవి వచ్చింది, అది రాలేదు. రొట్టె దూదిలా ఉండేది. నజిబ్రోలా పక్కన పడుకుంటే ఎవరో పరాయి మనిషి పడుకున్నట్టుండేది. ఈ రెండోది ఆయన ఎవరికీ చెప్పలేదు.

"ఊళ్ళో చెప్పెయ్యి" అందామె. "ఈ ఏడు దిగనని చెప్పెయ్యి."

"చెప్పి ఏం చెయ్యను, కోళ్ళు మేపనా?"

"కోళ్ళు నన్నే దగ్గరికి రానివ్వవు, నిన్నా!"

"చేతులున్నాయి కదే. నలభైనాలుగేళ్ళ చేతులు. గోడ ముట్టుకుంటే తెలుస్తుంది."

ఆమె గంప అందుకుని కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. నజిబ్రోలా మాట మధ్యలో వెళ్ళిపోయిందంటే ఒప్పుకోలేదని అర్థం.

ఆగస్టులో ఆంబ్రోసి కబురు పెట్టాడు. అంతకుముందేడు గుండె జబ్బుతో మంచం పట్టి, కోతకి లేవలేక, ఆ ఏటి కాపంతా తమ్ముడు కార్లో ఇంటి బానలోకి పోనిచ్చాడు. ఈ ఏడు మాత్రం ఎవరు వద్దన్నా వినకుండా ఫిబ్రవరిలో కత్తెర పట్టాడు. ఒక తీగ కత్తిరించి ఒక స్టూలు మీద కూచునేవాడు, మళ్ళీ ఒక తీగ. ఏడు వరసలకి ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు పందిరి కింద మంచం వేయించుకుని వాటినే చూస్తూ పడుకున్నాడు. ఒళ్ళు కరిగిపోయింది.

"ఒరేయ్ ఉడుతా, చూడు, నేనూ ఇప్పుడు బానలో పడతాను."

"పడితే పడ్డావు, పాడగలవా?"

ఆంబ్రోసి నవ్వబోయి దగ్గాడు. "కాపు చూశావా?"

"చూశా. పండు పండూ కళ్ళలా ఉంది."

"నేను తాగన్రా దీన్ని."

"నోర్ముయ్. వసంతానికి లేచి గెంతుతావు."

"లేస్తే గెంతుతా. లేవకపోతే నా సంవత్సరీకానికి ఇదే పొయ్యండి. కొనుక్కొచ్చిన వైన్‌తో నన్ను తలుచుకున్నారంటే లేచొచ్చి ఒక్కొక్కణ్ణీ తంతా." కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు. "బాన ఏడాదిన్నరగా ఖాళీ. చెమ్మంతా గోడ తాగేసి ఉంటుంది. సున్నాన్ని నమ్మకు. బూడిద నీళ్ళని నమ్మకు. నీ ముక్కుని నమ్ము. అది కాదంటే కార్లోకి చెప్పు, వేరే బాన చూస్తాడు."

ఉషంగికి మాట గొంతుదాకా వచ్చింది. పెదవులు కూడా విడివడ్డాయి.

"నువ్వున్నావన్న ధైర్యంతోనే ఈ ఏడు కత్తెర పట్టాను" అన్నాడు ఆంబ్రోసి, కళ్ళు మూసుకుని.

ఆ తరవాత చెప్పటం ఎలా? "సరే" అన్నాడు ఉషంగి. ఎనిమిదో రోజున ఆంబ్రోసి పోయాడు.

సెప్టెంబరు చివర్లో కోతకి మూడు రోజుల ముందు బాన కడగటం పెట్టుకున్నారు. అప్పటికి ఆ సీజన్లో ఉషంగి ఆరు బానలు కడిగి, ఆరుసార్లు తాగి, ఆరుసార్లు బాగుందన్నాడు. అవన్నీ ఏటేటా నిండే బానలు, ఎవరు కడిగినా బాగుపడేవే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా, ఆరుసార్లు అబద్ధం నిజమైతే మనిషికి ఏడోసారి ధైర్యం వస్తుంది.

ఒక రోజు పని రెండు రోజులు చేశాడు. సున్నం ఒకటికి మూడుసార్లు వేశాడు. పైన కార్లో నీళ్ళు అందిస్తూ, "అన్నా, ఇంకా రుద్దితే బాన అరిగి అటువైపు అమెరికా వస్తుంది" అన్నాడు. కింద పాట లేదు. "ఏంటన్నా, పాడట్లేదు?" "మీ అన్న పోయాడుగా" అన్నాడు ఉషంగి. అది నిజమే, కానీ అందుకు కాదు. ఆయన కళ్ళు మూసుకుని గోడని అరచేతుల్తో వింటున్నాడు. మైనం నున్నగా ఉంది. జిగురు లేదు. ఎవరూ చూడటం లేదు కదా అని గోడకి నాలుక ఆనించాడు. నాలుకకి ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది. అవేవీ లేవు. మిగతాదంతా నాలుక పని కాదు. బాన అడుగున మోకాళ్ళ మీద కూచుని ముక్కు గోడకేసి రుద్దుకుని గట్టిగా పీల్చాడు. చల్లగాలి వచ్చింది.

ఆఖరి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బుర్ర పట్టుకుని పైకొచ్చాడు. నల్లబట్టల్లో లమారా మూతి దగ్గరే నిలబడి ఉంది, ఆంబ్రోసి భార్య. ఆంబ్రోసి ఎప్పుడూ నిలబడే చోటు అది. ఉషంగి బుర్ర ఎత్తి తాగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అంతవరకు నిజం.

"బాగుంది" అన్నాడు.

లమారా వంగింది. భర్త పోయిన మనిషికి మర్యాదలు గుర్తుండవు. మోకాలు నేల మీద ఆనించి, బాన మూతి మీదికి మొహం దించబోయింది.

"అదేంటి వదినా!" కార్లో గతుక్కుమన్నాడు. "ఉషంగన్న తాగాక కూడానా?"

ఆమె ఆగిపోయింది. తలెత్తి ఉషంగి వైపు చూసింది. అప్పుడు ఆయన చెయ్యాల్సిన పని చాలా చిన్నది. "చూడనీరా, తప్పేముంది" అంటే చాలు. నవ్వుతూ అన్నా సరిపోయేది. ఆ మాట అనకపోగా, ఆయన మొహం దానంతట అదే చిన్నబుచ్చుకున్నట్టు తయారైంది. నలభైనాలుగేళ్ళ పరువు ఆ మొహంలో నిలబడి, ఆమె కేసి చూసింది.

లమారా లేచి మోకాలి మట్టి దులుపుకుంది. "తప్పయింది అన్నయ్యా. ఆయన పోయాక ఏం చేస్తున్నానో నాకే తెలీటం లేదు."

ఆ క్షమాపణ చలికాలమంతా ఉషంగిలో తిరిగింది. రోజూ ఏదో వంకన ఆ కొట్టుకి వెళ్ళేవాడు. పొంగుతున్న రోజుల్లో చెవి పెట్టి విన్నాడు. చప్పుడు సరిగ్గానే ఉంది, వాన దూరంనించి వస్తున్నట్టు. తొక్కలు తోస్తున్న కార్లోని, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. "పొంగులో ఏం తెలుస్తుందన్నా, అన్నీ ఒకటే కంపు" అనేవాడు కార్లో. మూత మీద మంచు కురిసింది. చర్చిలో కొవ్వొత్తి వెలిగిస్తే, అది ఆరకుండా ఉందా లేదా అని చూసుకునేవాడు, బానలోకి వదిలినట్టు.

"ఇప్పుడైనా చెప్పు" అనేది నజిబ్రోలా.

"ఇప్పుడు చెబితే ఏం లాభం? మూశారు కదా."

"మూసింది బాననయ్యా, నీ నోరు కాదు."

ఈస్టరు అయిన రెండో ఆదివారం, ఎండ బాగా ఎక్కాక తెరిచారు. లమారా, కార్లో, ఉషంగి, నజిబ్రోలా, నలుగురే. కార్లో బంకమట్టి గీరి రాయి పక్కకి దొర్లించాడు. కడిగినవాడిదే మొదటి ముంత, మొదటి మాట, అదీ అక్కడి పద్ధతి. లమారా బుర్రతో తోడి, ముంత నింపి, రెండు చేతుల్తో ఇచ్చింది. ఉషంగి ముంతలోకి చూశాడు. పాత తేనె రంగు, అడుగు కనిపించేంత తేట. ఎండకి ఎత్తి పట్టాడు. డికాషన్. ఆయన లోపల ఎనిమిది నెలలుగా బిగిసి ఉన్నదేదో సడలింది. గుక్క తీసుకున్నాడు. నాలుక ఆరిపోయి బిగుసుకుంది, అక్రోటు పొట్టు పట్టినట్టే పట్టింది. సరిగ్గా అదే పట్టు. ఇక మిగతాది ముక్కు లేకపోయినా జ్ఞాపకమే పరుగెత్తుకొచ్చి ఇచ్చింది.

ఎప్పుడూ ఒక్కమాటతో ఊరుకునే మనిషి ఆ రోజు ఊరుకోలేదు.

"లమారా, అమ్మా, వచ్చాడే మీ ఆయన! బేరికాయ చూడు, ముందు బేరికాయ. వెనకాలే చామంతి, మీ గుమ్మం పక్కన ఎండేసేవాడే, ఆ చామంతి. ఆగు, తొందరపడకు. ఆప్రికాట్ ఒరుగు వచ్చింది. ఈ ఏడు ఎండ ఎక్కువ కదా, తీపి వాసన ముందుకి తోసుకొచ్చింది. ఇప్పుడు పొట్టు. వాడి నోరులాగే, చివర్లో చేదు, కానీ మంచి చేదు. ఇదిగో, మింగాక మైనం. అచ్చం వాడే. ఆ ఐదు వారాలూ స్టూలు మీద కూచుని ఒక్కొక్క తీగా..."

కళ్ళు తుడుచుకుని చూస్తే, కార్లో మోచేతి మడతలో ముక్కు దాచుకుని ఉన్నాడు. రాయి దొర్లించినప్పటినించీ అలాగే ఉన్నాడు. లమారా పెదవులు బిగించి ఆయన్నే చూస్తోంది.

"అన్నా," అన్నాడు కార్లో మెల్లిగా, "చచ్చినవాడితో హాస్యమా?"

"హాస్యమేంట్రా?"

"తడిసిన గోనెల కంపు కొడుతోంది. కళ్ళు మండుతున్నాయి. నువ్వేమో బేరికాయంటావు!"

నజిబ్రోలా వచ్చి ఆయన చేతిలో ముంత తీసుకుంది. వాసన చూసి, బల్ల మీద పెట్టింది.

"ఆయనకి తెలీదు" అంది. "వాసన పోయింది. పోయినేడు జ్వరంనించీ."

కంచె వెంబడి ఏడు వరసలూ కొత్త చిగుళ్ళు వేసి ఉన్నాయి.

"అయితే అన్నయ్యా," అంది లమారా, "ఆ రోజు నువ్వు తాగిందేంటి?"

"నీళ్ళమ్మా."

"నేను వంగాను."

"వంగావు."

"నన్ను చూశావు."

"చూశానమ్మా."

ఆమె అరవలేదు. అరిచి ఉంటే ఆయన జీవితంలో ఇంకో పదేళ్ళు మిగిలేవేమో. బల్ల మీది ముంత తీసుకుని తాగటం మొదలుపెట్టింది. కార్లో, "వదినా, వద్దు" అని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. గుక్క గుక్కకీ ఒళ్ళు జలదరిస్తున్నా ఆపకుండా అడుగుదాకా తాగింది. మూతి తుడుచుకుంది. "ఆయన చేతి ద్రాక్షే కదా" అంది. తరవాత, "కార్లో, మూత పెట్టెయ్యి."

దాన్ని కాచి సారా తీద్దామన్నా కాచేవాడు ఒప్పుకోలేదు, బూజు ఆవిరిలోనూ వస్తుందన్నాడు. మే నెలలో మూడు రోజులపాటు కార్లో బకెట్లతో తోడి కాలవ గట్టున పారబోశాడు. ఏడువందల లీటర్లు. ఆ గట్టు మీద గడ్డి కొన్నాళ్ళు పసుపుపచ్చగా ఉంది, తరవాత మామూలైపోయింది. మిగతా ఆరిళ్ళవాళ్ళూ హడావిడిగా మూతలు తీసి చూసుకున్నారు, అన్నీ బాగానే ఉన్నాయి. అయినా ఉషంగిని ఎవరూ మళ్ళీ పిలవలేదు. తిట్టినవాళ్ళూ లేరు. దారిలో ఎదురైతే ఆరోగ్యం అడిగేవాళ్ళు, మరీ మర్యాదగా. కుంచెని గోడకి తగిలించాడు. బెరడు ఎండి ఒక్కొక్క పొరా రాలుతుంటే నజిబ్రోలా ఏమీ అనకుండా ఊడ్చేసేది. ఆమె వేళాకోళాలు తగ్గిపోయాయి. అది చూస్తే ఆయనకి అన్నిటికంటే ఎక్కువ భయం వేసింది.

ఒకసారి లమారా ఇంటికి వెళ్ళాడు. "కూచో అన్నయ్యా" అని రొట్టే జున్నూ పెట్టింది. తిని వచ్చేశాడు. ఏమి చెప్పడానికి వెళ్ళాడో అది ఆ ఇంట్లో ఎక్కడా పెట్టడానికి చోటు కనిపించలేదు.

ఆగస్టు చివర సంవత్సరీకం. పందిరి కింద పొడుగు బల్లలు, మాంసం వేసి వండిన అన్నం, పెరట్లో కాగులు. కార్లో బానలోది వేసవి ముందే ఒక పెళ్ళికి ఖర్చయిపోయింది. తెలావినించి తెల్లటి ప్లాస్టిక్ డబ్బాల్లో వైన్ వచ్చింది, కొన్నది. చాలా తెల్లగా ఉంది. పక్కనున్న ముసలాయన తాగి, "నీళ్ళకి చదువు చెప్పించినట్టుందిరా" అని పక్కవాడి చెవిలో గొణిగి, ఉషంగిని చూసి టక్కున ఊరుకున్నాడు. పెద్దాయన ఒకాయన లేచి ఆంబ్రోసి పేరు చెప్పాడు. పోయినవాడి వాటాగా అందరూ రొట్టెముక్క మీద ఒక్కో చుక్క ఒంపారు. పోయినవాళ్ళని తలుచుకునేటప్పుడు ముంతకి ముంత తగిలించరు, ఊరికే ఎత్తి తాగుతారు. కొన్న వైన్‌తో తలుచుకుంటే లేచొచ్చి తంతానన్నవాడు లేచి రాలేదు.

జనం పలచబడ్డాక లమారా వచ్చి ఉషంగి పక్కన బల్ల మీద కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నయ్యా, ఆ రోజు చెప్పావే."

"ఏదమ్మా?"

"అదే. బేరికాయా, చామంతీ. మళ్ళీ ఒకసారి చెప్పు. వీళ్ళందరికీ కాదు, నాకు. నాకు ఆ కంపు పోవటం లేదు. ముప్ఫైరెండేళ్ళు తాగినది ఏదీ గుర్తు రావటం లేదు, కళ్ళు మూసుకుంటే గోనెసంచే వస్తోంది. ఆయనది నీ దగ్గరే ఉంది."

ఉషంగి తల ఊపాడు. ఇది తను ఇవ్వగలడు. ఇంత చేసి, కనీసం ఇది ఇవ్వగలడు. కళ్ళు మూసుకున్నాడు, ఆమె కూడా మూసుకుంది.

"ముందు బేరికాయ" అన్నాడు.

ఆగాడు. బేరికాయ కళ్ళ ముందుకి వచ్చింది. పచ్చగా, మెడ సన్నగా, ఆకుతో సహా. చూడ్డానికి వచ్చింది. అంతకంటే దగ్గరికి రాలేదు.

"తరవాత చామంతి" అన్నాడు. ఎండేసిన చాపా, చాప మీది పువ్వులూ కనిపించాయి. వాటిమీదికి వంగాడు, లోపల, మనసులో. ఇంకా వంగాడు. బాన అడుగున వచ్చినట్టే చల్లగాలి వచ్చింది.

"ఆప్రికాట్ ఒరుగు. అక్రోటు పొట్టు. మింగాక..."

మాటలన్నీ వరసగానే ఉన్నాయి. సమాధి రాయి మీద పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ చదువుతున్నట్టు ఒకటి తరవాత ఒకటి. ఆ రోజు బాన దగ్గర పరుగెత్తుకొచ్చినది మళ్ళీ రాలేదు. ఆ రోజే ఆఖరిసారి వచ్చిందేమో, వచ్చి ఖర్చయిపోయిందేమో.

"మింగాక?" అంది లమారా.

"మింగాక మైనమమ్మా."

ఆమె కళ్ళు తెరిచి ఆయన మొహం చూసింది. చాలాసేపు చూసింది. బాన మూతి దగ్గర మోకాలి మీద కూచుని చూసినట్టే చూసింది. ఈసారి ఆ మొహంలో ఏమీ నిలబడి లేదు.

"చాలు అన్నయ్యా" అంది. లేచి, బల్ల మీది పళ్ళేలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది.

ఉషంగి ముందు ముంత నిండుగా ఉంది. రొట్టె తుంచి దాని మీద చుక్క వేశాడు. మిగతాది తాగాడు. చల్లగా ఉంది. అంతవరకే తెలిసింది.